గుర్రాల కంచ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాక

(కాజీపల్లిల వాలీబాల్ పోటీల ఫైనల్‌కు ముందు మేం మాట్లాడిన మాటల పాఠం)



ఫైనల్ మ్యాచ్ ఆపి మమ్ముల మాట్లాడమన్నరు. ఆటగాండ్లకు ఇది అన్యాయమే. రెండు ముక్కలు చెప్పి కూసుంటం అని ప్రతి వక్త అంటడు, అదొక మోసం. మేం ఆ మాట చెప్పం. కొంచెం సేపు పడ్తది, ఓపిక పట్టుండ్రి.

పొద్దున మీ పిలగాండ్లు మమ్ముల ఈ జాగ చుట్టూ తిప్పిండ్రు. ఒక దిక్కు బడి. ఒక దిక్కు కంపెనీ కాంపౌండ్ గోడ. నడుమ ఈ వాలీబాల్ కోర్టు, దాని ఎన్క ఖోఖోకు పాతిన రెండు గుంజలు. ఆ గోడ కొన్నేండ్ల కింద ఇంకా అవతల ఉండేదని ఒక పెద్దమనిషి చెప్పిండు. కాళ్లు లేని గోడ ఎట్ల నడిచింది తాతా అని అడిగితే నవ్వి ఊకున్నడు. ఏ కంపెనీ అన్నది మేం ఇక్కడ చెప్పం. మీకు ఎట్లాగూ తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక పిలగాడు అడిగిండు. పరుగుపందెం సెలెక్షన్లకు గచ్చిబౌలి పోయి వచ్చిండట. అదే రోడ్డు మీద యూనివర్సిటీ గేటు చూసిండట. "అన్నా, ఆ స్టేడియం యూనివర్సిటీదా, సర్కారుదా?" అన్నడు. చిన్న ప్రశ్నే. మేం ముగ్గురం ఉన్నం, ముగ్గురం మూడు తీర్ల జవాబు చెప్పినం. మధ్యాహ్నం అన్నం తినుకుంట మల్ల ఆలోచన చేసినం. రాసుకొచ్చిన ప్రసంగం పక్కకు పెట్టినం. ఇప్పుడు చెప్పేది ఆ పిలగాని ప్రశ్నకు జవాబే.

స్టేడియం కన్న ముందు అక్కడ యూనివర్సిటీ ఉన్నది. అది ఊరికే వచ్చిన యూనివర్సిటీ కాదు. 1969ల మన విద్యార్థులు తరగతులు వదిలి రోడ్ల మీదికి వచ్చిండ్రు. ఉద్యోగులు వాళ్ల ఎంబడి నడిచిండ్రు. 369 మంది పాణాలిచ్చిండ్రని ఉద్యమం లెక్క చెప్తది. 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతయని తీర్పు ఇచ్చింది. అంటే ఇక్కడి కొలువులు ఇక్కడోళ్లకే. తీర్పు వచ్చినంక అటు దిక్కు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 జనవరిల రాష్ట్రపతి పాలన పెట్టిండ్రు. అదే ఏడు సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం తెచ్చిండ్రు. ముల్కీ నిబంధనలు రద్దయినయి. వాటి బదులు జోన్లు, లోకల్ కోటాలు వచ్చినయి. ఆ జోన్లకు ఏం గతి పట్టిందో, 1985 డిసెంబర్ 30న 610 జీవో ఎందుకు తియ్యాల్సి వచ్చిందో ఇక్కడున్న ఉద్యోగులకు మేం చెప్పే పని లేదు. జీవో తీసుడు ఒక కథ, దాన్ని అమలు చేయించుడు ఇంకో కథ. ఆ కథలల్ల మీ సర్వీసులే అయిపోయినయి.

ఆ పథకంలనే ఒక మాట ఉన్నది, హైదరాబాద్ల కేంద్రీయ విశ్వవిద్యాలయం పెడ్తమని. రాజ్యాంగాన్ని 32వ సారి సవరించినప్పుడు 371-ఇ అధికరణం దానికోసమే చేర్చిండ్రు. 1974 అక్టోబర్ 2న అబిడ్స్‌ల, సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌ల యూనివర్సిటీ మొదలైంది. ఆ తర్వాత గచ్చిబౌలిల దగ్గెర దగ్గెర 2,300 ఎకరాలు చూపించిండ్రు. అంటే మనం ముల్కీ పోగొట్టుకోని ఆ యూనివర్సిటీ తెచ్చుకున్నం. బేరం మంచిదా చెడ్డదా అన్నది వేరే లెక్క. ధర మాత్రం మనమే కట్టినం.

ఇప్పుడు ఆ జాగ సంగతి. కంచ గచ్చిబౌలి అంటరు. పట్నంల పుట్టిన పిల్లలు కంచ అంటే ముండ్ల తీగ అనుకుంటరు. మన దిక్కు కంచ అంటే పసులు మేసే జాగ. మీకు బంచరాయి ఎట్లనో అట్ల. సర్వే నంబర్ 25. రికార్డుల దాని పేరు "కంచ అస్తబల్ పొరంబోకు సర్కారీ" అని ఉన్నదని సర్కారే చెప్పింది. అస్తబల్ అంటే గుర్రాల లాయం. పేరును బట్టి చూస్తే ఒకప్పుడు సర్కారు గుర్రాలు మేసిన జాగ. గుర్రాలు పోయినయి, నిజాం పోయిండు, జాగీర్లు పోయినయి, హైదరాబాద్ రాష్ట్రం పోయింది. యూనివర్సిటీ వచ్చింది, వేల మంది పిల్లలు చదువుకోని పోయిండ్రు. పహాణీల మాత్రం గుర్రాలు పోలేదు. ఈ ముచ్చట యాది పెట్టుకోండ్రి, మల్ల దీని కాడికి వస్తం.

చాన ఏండ్లు గచ్చిబౌలి దిక్కు ఎవ్వలు చూడలేదు. రాళ్లు, తుమ్మలు, సీతాఫలం చెట్లు, నెమళ్లు. 1998ల మాదాపూర్ల సైబర్ టవర్స్ తెరిచిండ్రు. అదే ఏడు గచ్చిబౌలిల ట్రిపుల్ ఐటీ వచ్చింది. అప్పటిదాక ఎకరం లెక్క చూసిన జాగను గజాల లెక్క చూసుడు మొదలైంది. యూనివర్సిటీకి అంత జాగ ఎందుకు అన్న మాట అప్పుడే పుట్టింది. పేదోని ఇంట్ల అంత పెద్ద చెంబు ఎందుకు అన్నట్టు.

జాగ ఇమ్మని అడిగేటోనికి ఒక మంచి పేరు కావాలె. ఆట కన్న మంచి పేరు ఏమున్నది? ఆటలు వద్దు అని ఎవడంటడు? 2002 డిసెంబర్ల హైదరాబాద్ల 32వ జాతీయ క్రీడలు పెట్టిండ్రు. వాటికోసం గచ్చిబౌలిల అథ్లెటిక్స్ స్టేడియం, ఇండోర్ స్టేడియం, ఈతకొలను, హాకీ మైదానం లేచినయి. ఆటగాండ్లు ఉండనీకె పద్నాలుగంతస్తుల బిల్డింగ్ కట్టిండ్రు. ఉస్మానియాల సైకిల్ పందాలకు వెలోడ్రోమ్ కట్టిండ్రు. గచ్చిబౌలి స్టేడియం లేచిన నేల ఒకప్పుడు యూనివర్సిటీకి చూపించిన జాగలనిదే అని క్యాంపస్‌ల విద్యార్థులు చెప్తరు. ఒక్క స్టేడియమే కాదు, బస్ డిపో, ట్రిపుల్ ఐటీ, ఇంకా ఏవేవో, అన్నీ ఆ ముద్దల నుంచి తీసిన పిడికిళ్లే అంటరు.

ఆ స్టేడియం ఏమేం చూసిందో చెప్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వది. 2003ల ఆఫ్రో-ఏషియన్ క్రీడలు చూసింది. 2007ల దునియల ఉన్న సైన్యాల క్రీడలు చూసింది. 2009 ఆగస్టుల ఇండోర్ స్టేడియంల ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు అయినయి. నడుమ నడుమ సినిమా ఫంక్షన్లు, పాటల కచేరీలు. 2020 ఏప్రిల్ల కరోనా వచ్చినప్పుడు ఆటగాండ్ల కోసం కట్టిన పద్నాలుగంతస్తుల బిల్డింగ్‌ను 1,500 పడకల దవాఖాన చేసి టిమ్స్ అని పేరు పెట్టిండ్రు. ఆపద కాలంల దవాఖాన చేసుడు తప్పని మేం అనం, అక్కడ బతికి ఇంటికొచ్చినోళ్లు ఈ సభల కూడ ఉండొచ్చు. 2025 మే 10న అదే ఇండోర్ స్టేడియంల మిస్ వరల్డ్ పోటీల ఆరంభం చేసిండ్రు. అన్నిటికీ గేటు తెరుచుకున్నది. ఈ ఊరి పిలగాడు పొద్దుగాల ఐదింటికి పోయి ట్రాక్ మీద పరుగెత్తుత అంటే మాత్రం పాసు ఏది, ఫీజు ఏది, ఎవలు పంపిండ్రు అంటరు.

మమ్ముల తప్పుగ అనుకోవద్దు. స్టేడియం కట్టుడే తప్పు అన్నోళ్లం కాదు మేం. గచ్చిబౌలిల సాధన చేసిన పిల్లలు ఒలింపిక్స్ దాక పోయిండ్రు. సింధు చిన్నప్పుడు రోజు సికింద్రాబాద్ మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాక పోయి ఆడింది. ఇంకా దగ్గరి ముచ్చట చెప్తం. వరంగల్ దిక్కు పర్వతగిరి మండలం కల్లెడ నుంచి ఒక కూలోళ్ల బిడ్డ, జీవాంజి దీప్తి. ఊర్ల ఏం మాటలు పడ్డదో, ఆ తల్లిదండ్రులు ఎట్ల సాదిండ్రో పేపర్లల్ల మీరు చదివిండ్రు. హైదరాబాద్ వచ్చి సాధన చేసింది. 2024 మేల జపాన్ల, కోబెల ప్రపంచ పారా అథ్లెటిక్స్‌ల 400 మీటర్లు 55.07 సెకండ్లల్ల ఉరికి ప్రపంచ రికార్డు కొట్టింది. ఆ సెప్టెంబర్ల పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది. ట్రాక్ లేకుంటే, చేయి పట్టుకోని తీసుకొచ్చిన కోచ్ లేకుంటే ఆ బిడ్డ కల్లెడలనే ఉండు. అందుకే మేం స్టేడియం వద్దనం. దాని గేటు ఎవలకు తెరుస్తున్నరు అని అడుగుతం.

పేరు సంగతి కూడ ఒకటి ఉన్నది. ఆ అథ్లెటిక్స్ స్టేడియానికి జీఎంసీ బాలయోగి పేరు పెట్టిండ్రు. ఆయన లోక్‌సభకు మొట్టమొదటి దళిత స్పీకర్, 2002 మార్చిల హెలికాప్టర్ కూలి పోయిండు. ఆయన మీద మాకు కిరికిరి లేదు, ఉండకూడదు కూడ. మాకు యాదికొచ్చేది ఇంకో మనిషి. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ బడి పంతులు. దేశం ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయి 1951ల, 1962ల ఆసియా క్రీడలల్ల బంగారం తెచ్చిండు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల సెమీఫైనల్ దాక తీసుకపోయిండు. 1963ల క్యాన్సర్‌తోని పోయిండు. 2024ల బొంబాయోళ్లు సినిమా తీస్తే గని మన పిల్లలకు ఆయన పేరు తెల్వలేదు. పేరు పెట్టే చేయి ఎవలదో మరిచే చేయి కూడ వాళ్లదే.

ఇక అసలు కథ. స్టేడియంతోని ఆగితే ఒక తీరు. 2003 ఆగస్టుల అప్పటి ప్రభుత్వం ఐఎంజీ భారత అన్న సంస్థతోని ఒప్పందం రాసుకున్నది. ఆటల అకాడమీలు పెట్టి ఒలింపిక్ ఆటగాండ్లను తయారు చేస్తమన్నరు. దానికి 850 ఎకరాలు. అందుల 400 ఎకరాలు ఇదే కంచ గచ్చిబౌలి సర్వే నంబర్ 25ల. మిగిలినయి మామిడిపల్లిల. 2004ల సర్కారు మారింది. 2006ల కొత్త సర్కారు ఆ కేటాయింపు రద్దు చేసింది. సంస్థ కోర్టుకు పోయింది. ఎన్నేండ్లు నడిచింది? 2024 మార్చిల హైకోర్టు ఆ సంస్థ పిటిషన్ కొట్టేసింది, మేల సుప్రీంకోర్టు కూడ కొట్టేసింది. పద్దెనిమిదేండ్లు. ఆ పద్దెనిమిదేండ్లల్ల ఆ జాగల ఒక్క పిలగాడు ఒక్క ఆట ఆడలేదు. ఆడింది నెమళ్లు, జింకలు.

కోర్టుల గెలిచింది సర్కారు. గెలిచిన జాగ మల్ల యూనివర్సిటీకి పోతదని అనుకున్నోళ్లు అమాయకులు. 2024ల ఆ 400 ఎకరాలు పరిశ్రమల మౌలిక వసతుల సంస్థ చేతికి పోయినయి. ఐటీ పార్కు అన్నరు, వేలం అన్నరు. 2025 మార్చి 30, ఉగాది పండుగ నాడు బుల్డోజర్లు దిగినయి. పచ్చడి తాగాల్సిన పొద్దుల పిల్లలు బండ్లకు అడ్డం పోయిండ్రు. పోలీసులు యాభై మందికి పైన పట్టుకపోయిండ్రు. రాత్రి పూట లైట్లు పెట్టి చెట్లు కొడ్తుంటే నెమళ్లు అరిచిన అరుపు మీరు ఫోన్లల్ల విన్నరు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే అందుకోని పని ఆపింది. అప్పటికే వంద ఎకరాల దాక చెట్లు నేల పడ్డయి. ఆ వనం మల్ల ఎట్ల పెంచుతరో చెప్పండ్రి అని కోర్టు అడిగింది.

ఒక మాట చెప్పనీకె నాలిక రాదు, అయినా చెప్పాలె. 2003ల ఒప్పందం రాసుకున్నప్పుడు సీమాంధ్ర సర్కారు మన జాగలు అమ్ముకుంటున్నది అన్నం. సభలు పెట్టినం, కరపత్రాలు పంచినం. 2025ల బుల్డోజర్ దించింది మనం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల మనం ఓట్లేసిన సర్కారు. అప్పుడు గొంతు చించుకున్నోళ్లం ఇప్పుడు ఊకుంటే, మన కొట్లాట జాగ కోసం కాదు, ఆ జాగను అమ్మే కుర్చీ కోసం అన్నట్టు అయితది.

మరి సర్కారు ఏమన్నది? యూనివర్సిటీకి ఆ జాగ మీద హక్కు కాయితం లేదు అన్నది. 1975ల చూపించిండ్రు, పిల్లలు చదువుకున్నరు, బిల్డింగులు కట్టిండ్రు, అన్నీ నిజమే గని పేరు మార్పిడి కాలేదు అన్నది. 2004ల 534 ఎకరాలు యూనివర్సిటీ నుంచి తీసుకోని, బదులు గోపన్‌పల్లిల 397 ఎకరాలు ఇచ్చినం, దానికి సంతకాలు ఉన్నయి అన్నది. మా ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ ఒప్పుకోకుంట జాగ పోదు, హద్దులే తేలలేదు అని యూనివర్సిటీ అన్నది. ఎవల మాట ఏందో కోర్టులు చూస్తయి. మేం చూసింది ఒక్కటే. రాజ్యాంగంల అధికరణం ఉన్న యూనివర్సిటీ, పార్లమెంట్ చట్టం ఉన్న యూనివర్సిటీ, ఢిల్లీ నుంచి పైసలొచ్చే యూనివర్సిటీ. దానికి లా డిపార్ట్‌మెంట్ లెక్కలు చూసేటోళ్లు ఉంటరు, వకీళ్లు ఉంటరు. యాభై ఏండ్ల తర్వాత పహాణీ తీస్తే అందుల గుర్రాలే ఉన్నయి.

యూనివర్సిటీ చేతిల మైదానం ఉంటే ఏం చేస్తదో అది కూడ చూడాలె. బషీర్‌బాగ్ కాడ నిజాం కాలేజ్ గ్రౌండ్ చూడండ్రి. 1887ల పుట్టిన కాలేజీ, ఇప్పుడు ఉస్మానియాల భాగం. జయసింహ, అజారుద్దీన్ చదివిన కాలేజీ. పొద్దున పిల్లలు క్రికెట్ ఆడ్తరు, పొద్దుగూకితే ముసలోళ్లు నడుస్తరు, పరీక్షల కాలంల చెట్ల కింద చదువుకుంటరు. సభలప్పుడు ఆ గడ్డి ఏమైతదో మాకు తెలుసు, మేమే తొక్కినం. 2013 సెప్టెంబర్ 7న ఏపీఎన్జీవోలు పక్కనే ఉన్న ఎల్బీ స్టేడియంల సమైక్య సభ పెట్టిండ్రు. దానికి సరిగ్గ 22 రోజులకు, సెప్టెంబర్ 29న, జేఏసీ సకల జనభేరి నిజాం కాలేజ్ గ్రౌండ్ల కొట్టింది. సర్కారు స్టేడియం ఒకరికి, యూనివర్సిటీ గ్రౌండ్ ఇంకొకరికి. రెంటికీ నడుమ ఒక రోడ్డు దూరం. మెదక్ బండ్లు, పటాన్‌చెరు కార్మికుల బండ్లు ఆ రోజు ఎక్కడ ఆగినయో, ఎంత దూరం నడిచినమో ఈ సభల ఉన్న కొంత మందికి యాది ఉంటది. తెల్లారి ఆ గ్రౌండ్ల కాయితాలు, వాటర్ ప్యాకెట్లు ఏరింది కూడ పోరగాండ్లే. ఆడుకునే జాగ మాట్లాడుకునే జాగ అయింది, మల్ల ఆడుకునే జాగ అయింది. గచ్చిబౌలిల నాలుగు వందల ఎకరాలకు ఆ అదృష్టం పట్టలేదు.

పిలగాడా, నీ ప్రశ్నకు జవాబు ఇది. స్టేడియం సర్కారుది. దాని కింద ఉన్న నేల యూనివర్సిటీది అని అనుకున్న కాలం ఒకటి ఉన్నది. కాయితం మీద గుర్రాలది.

ఇప్పుడు కాజీపల్లి ముచ్చట. ఈ దిక్కు జాగలు ఎట్ల పోయినయో మీకు చెప్పేటంత గొప్పోళ్లం కాదు. పొలాలు కంపెనీలకు పోయినయి. చెరువు నీళ్లు రంగు మారినయి. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990ల సుప్రీంకోర్టుకు పోయిన కేసు హైదరాబాద్ హైకోర్టు చూసి, గ్రీన్ ట్రిబ్యునల్ కాడికి పోయి 2017 అక్టోబర్ల తీర్పు వచ్చేసరికి, అప్పుడు పుట్టిన పిల్లలకు పిల్లలు పుట్టిండ్రు. ఆ గాలిలనే మీ పిల్లలు వాలీబాల్ ఆడ్తరు. ఆడి రొప్పుతరు. రొప్పేది ఆటకా, గాలికా అని డాక్టర్ కూడ చెప్పలేడు.

అయినా ఈ జాగ మిగిలింది. మిగిలింది అంటున్నం గని మీది అంటలేం. 2022 జూన్ 2 నాడు తెలంగాణ క్రీడా ప్రాంగణాలు ఊరూర పెడ్తమన్నరు. మేం తిరిగిన ఊర్లల్ల చాన చోట్ల నాలుగు గుంజలు, ఒక బోర్డు నిలబడ్డయి. బోర్డు మీద ఎకరాలు రాసి ఉంటది, సర్వే నంబర్ ఉండదు. బోర్డు పట్టా కాదు. రేపు ఎవడన్న వచ్చి ఇది ఫలానా సర్వే నంబర్ల పొరంబోకు, పరిశ్రమకు ఇచ్చినం అంటే మీ కాడ చూపెట్టనీకె ఏమున్నది? నెట్టు ఉన్నది, బాల్ ఉన్నది.

మేం ఈ మధ్యాహ్నం మీ పెద్దలతోని కూసోని ఒక దరఖాస్తు రాసినం. అది ఈ టేబుల్ మీద ఉన్నది. జిన్నారం తహసీల్దార్ ఆఫీసుకు, సమాచార హక్కు చట్టం కింద. ఈ జాగ ఏ సర్వే నంబర్, 1954-55 ఖాస్రా పహాణీల ఎట్ల రాసి ఉన్నది, సేత్వార్ల విస్తీర్ణం ఎంత, ఆ తర్వాత ఎవలెవలికి ఎంతెంత ఇచ్చిండ్రు, నకళ్లు ఇయ్యాలె అని అడిగినం. ధరణి పోయి 2025ల భూభారతి వచ్చింది, అందుల ఏముందో కూడ తియ్యాలె. సర్వేయర్‌ను పిలిపించి హద్దులు పెట్టియ్యమని రెండో కాయితం. బడి గోడ నుంచి కంపెనీ గోడ దాక ఎన్ని గజాలో మనమే ముందు కొలిచి రాసుకోవాలె, ఆయన వచ్చినప్పుడు మన లెక్క మన చేతిల ఉండాలె.

వచ్చే ఆదివారం పొద్దుగాల ఏడింటికి కొలుద్దాం. టేపు మేం తెస్తం. పట్టుకునేటోళ్లు నలుగురు కావాలె, అందుల ఆ పెద్దమనిషి ఒకరు ఉండాలె, గోడ నడిచింది చూసినాయన ఆయనే కాబట్టి. సున్నం ఎవరన్న తేవాలె. సంతకం పెట్టేటోళ్లు పేరు కింద ఇంటి నంబర్ కూడ రాయండ్రి, వేలిముద్ర వేసేటోళ్లకు స్టాంపు ప్యాడ్ ఉన్నది.

లైట్లు వెలిగినయి. పోరగాండ్లు చేతులు చరుచుకుంటున్నరు. మేం కోర్టు మీదికెల్లి పక్కకు జరుగుతున్నం. జై తెలంగాణ.